తెల్ల ఎలుగుకు ఏం కష్టం?

"ఎలుగుబంటి బెంగళూరుకు కూలికి పోదే!" అనిల్ కుమార్ సుద్దముక్కను బల్ల మీద విసిరాడు.

రెండో తరగతి పిల్లలు పుస్తకాల్లోకి తలలు దించేశారు. బోర్డు మీద నాలుగు గళ్లున్నాయి. ఎవరు? ఎక్కడ? ఏం కష్టం? ఎట్లా తీరింది? ధ్రువాల్లో బతికే జంతువు ఒకదాన్ని ఎంచుకుని ముందు ఈ గళ్లు నింపాలి, ఆ తర్వాత కథ రాయాలి. శిక్షణలో నేర్పిన పద్ధతి అది. కుందుర్పి పక్కనున్న ఈ ఊరి పిల్లల చేతిలో మాత్రం మూడో గడికల్లా ఎలుగుకు తిండి కరువై, నాలుగో గడిలో అది బెంగళూరు బస్సెక్కేస్తోంది.

"మంచు కరిగిపాయ, తినేకి ఏమీ లేదంటివి కదా సార్?" అంది చంద్రిక.

"అయితే మాత్రం? అది ఎలుగుబంటి, మీ నాయన కాదు. నువ్వేం రాశావురా ఈరప్పా?"

"ఎలుగూ పెంగ్వినూ జతగాళ్లు సార్."

"ఏడ్చినట్టుంది. ఎలుగు ఉండేది ఉత్తర ధ్రువంలో, పెంగ్విన్ దక్షిణ ధ్రువంలో. ఆ రెండూ చచ్చినా కలవవు."

"గుంతకల్లులో బండి మారితే సరిపాయ కదా సార్!"

గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన అనిల్ కుమార్‌కు ఒళ్లు మండింది. ఈ ఊరికి వేసిన నాటి నుంచీ అతనికి అన్నీ మంటే. ఇక్కడి నీళ్లు ఉప్పు, మనుషులు మొద్దులు, పిల్లలు ఆ మొద్దులకు పుట్టిన చిన్న మొద్దులు. ధ్రువాల పాఠం బాగా చెప్పిన టీచరును అనంతపురంలో శిక్షకుడిగా తీసుకుంటారని విన్నాడు. ఈ ఊరి నుంచి బయటపడటానికి ఉన్న ఒకే ఒక్క సందు అది.

అందుకని చంద్రికను పక్కన కూర్చోబెట్టుకుని, ముప్పాతిక కథ తనే చెప్పి రాయించాడు. తల్లిదండ్రుల సమావేశంలో ఆ పిల్ల లేచి గట్టిగా చదివింది.

"తెల్ల ఎలుగుకు ఆకలైంది. మబ్బు పట్టింది. మంచు పడింది. పడింది. పడింది. సముద్రం గడ్డకట్టింది. ఎలుగు నడిచిపోయి సీలును తినింది. ఎలుగు కష్టం తీరింది."

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అనుకున్నాడు అనిల్ కుమార్. ఇంటికి పోయే దారిలో ఆ ఏటి తొలి చినుకులు నాలుగు పడి ఇస్త్రీ చొక్కా పాడైనందుకు ఊరిని ఇంకో రెండు తిట్లు తిట్టుకున్నాడు.

మర్నాడు బడి తెరిచేసరికి వాకిట్లో జనం. అందరూ తలకు పోసుకుని వచ్చారు. ముందు నిలబడింది చంద్రిక అవ్వ తిప్పమ్మ. బడి కమిటీకి పెద్ద ఆమే.

"ఆ కథ ఇంగోసారి చదివించు సార్."

"నిన్న విన్నారు కదా అవ్వా?"

"విన్నాం. ఊరంతా వినల్ల."

అప్పటి నుంచి రోజూ అదే తంతు. మగవాళ్లు తలపాగాలు తీసి కింద కూర్చునేవారు. ఆడవాళ్లు బడి గడపకు పసుపు రాశారు, టెంకాయ కొట్టారు. చంద్రిక చదువుతుంటే కిక్కురుమనేవారు కాదు. మొద్దులకు ఇన్నాళ్లకు చదువు విలువ తెలిసిందనుకుని అనిల్ కుమార్ ఫోటోలు తీసి టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. 'ఊరిని మార్చిన పాఠం' అని పేరు కూడా తనే పెట్టుకున్నాడు. తన్ను తాను పొగుడుకోవడానికి అతనికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

తర్వాతి పాఠం ఎడారి జంతువులు. ఒంటె బొమ్మ అలా తగిలించాడో లేదో, ఎవరు చెప్పారో ఏమో, హనుమంతరాయుడనే రైతు చేలోంచి రొప్పుకుంటూ వచ్చాడు.

"ఒంటె వద్దు సార్. పెరికెయ్ దాన్ని."

"ఏ పాఠం చెప్పాలో నువ్వు చెబుతావా నాకు?"

"నీ కాళ్లు పట్టుకుంటా సార్. ఎలుగుబంటే చెప్పు."

అనిల్ కుమార్ మొహం చిట్లించాడు గానీ లోపల ఉబ్బితబ్బిబ్బయ్యాడు. తన పాఠానికి ఇంత గిరాకీ ఉంటుందని అతనూ అనుకోలేదు. ఒంటెను చుట్టి బీరువాలో పెట్టేశాడు.

ఆ వారమే అనంతపురం నుంచి కబురొచ్చింది. శిక్షకుడిగా అతన్నే ఎంచుకున్నారు. బడి కమిటీ ఒప్పుకున్నట్టు తిప్పమ్మ ఒక్క సంతకం పెడితే చాలు. కాగితం పట్టుకుని ఆమె ఇంటికే పోయాడు.

"పెట్టను సార్," అంది తిప్పమ్మ.

"ఎందుకు?"

"శనక్కాయ విత్తేదాకన్నా ఉండు."

వీళ్లకు క్యాలెండర్ కూడా శనక్కాయే! అనిల్ కుమార్ నవ్వు ఆపుకున్నాడు. "నా బదులు ఇంకో సార్ వస్తాడవ్వా."

"ఆయప్ప వచ్చి ఒంటె పాఠం చెప్తే మా గతేం కావల్ల?"

అతని గుండె పొంగింది. ఇన్నాళ్లూ చీదరించుకున్న మనుషుల మీద మొదటిసారి కాస్త జాలి కలిగింది, అదీ పైనుంచి కిందికి చూసే జాలి.

"అవ్వా, నా మీద మీకింత అభిమానమని నాకు తెలుసు. కానీ నేను బాగుపడితే మీకూ సంతోషమే కదా?"

"నీ మీదనా?" తిప్పమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "నువ్వు యాడికన్నా పో సార్. మాకు దిక్కు నువ్వు గాదు, నీ ఎలుగుబంటి."

"ఎలుగుబంటా! అదెందుకు మీకు?"

"వాన కోసం పురాణం చదివే అయ్య పోయినేడు సచ్చిపోయినాడు సార్."