గడప మీద గీత

"కోసే గ్రైండర్ ఉండాదా అన్నా? ఒకపూట బాడుగకు కావాల," అన్నాడు మునికుమార్.

రేణిగుంట రోడ్డులో పనిముట్లు బాడుగకిచ్చే అంగడి అది. యజమాని వెంకటముని లేవబోతుంటే, పక్కన నిలబడ్డ పెద్దమనిషి అడ్డం వచ్చాడు.

"గ్రైండర్‌తో ఏం కోస్తావప్పా?"

అడక్కుండా తల దూర్చేవాళ్ళంటే మునికుమార్‌కు ఒళ్ళు మంట. అయినా చెప్పాడు.

"గడప. మా అమ్మకు తుంటి ఎముక ఇరిగింది. రేపు ఆసుపత్రి నుంచి తీసుకొస్తాండాం. ఆమె గదికి పాతకాలం గడప, బెత్తెడు ఎత్తు. చక్రాల కుర్చీ దాటదు."

ఆ మనిషి చేతిలో ఒక చిన్న మిషన్ ఉంది. దాన్ని ఒకసారి చూసుకున్నాడు.

"గ్రైండర్ వద్దప్పా. మూలలకు పోదు. దానికి చెక్క బ్లేడు తగిలిస్తే ఎగిరి చేతి మీదికొస్తాది. ఇదో, దీన్ని మల్టీటూల్ అంటారు. దీని బ్లేడు గిరగిరా తిరగదు, అట్లా ఇట్లా వణుకుతాది, అంతే. గోడకు ఆనించి కోసినా గోడకు దెబ్బ తగలదు."

"అట్లయితే అదే ఇంకోటి ఇయ్యన్నా," అన్నాడు మునికుమార్ యజమానితో.

"ఉండేది అదొక్కటే. ఈయన తీసేసుకున్నాడు."

"తీసుకపోప్పా," అని ఆ మనిషి మిషన్ చేతిలో పెట్టేశాడు. "నాది తర్వాత చేసుకుంటాలే."

వెంకటముని ఏదో అనబోయాడు. ఆ మనిషి చెయ్యి ఊపి ఆపేశాడు.

అంతటితో వదల్లేదు. బ్లేడు కూడా తనే ఏరి ఇచ్చాడు.

"మేకులు తెగే బ్లేడు ఇది. పాత గడపల్లో మేకులుంటాయి. ముందు పెన్సిల్‌తో గీత గీసుకో. గట్టిగా నొక్కొద్దు, దాని పాటికి అది దిగతాది. కోసే ముందు గడపకు పసుపు కుంకుమ పెట్టు. ముక్క పారేయొద్దు, దేవుని గూట్లో పెట్టు. ఆడోళ్ళకు గడపంటే ఉత్త చెక్క కాదప్పా."

పేరు మునస్వామి అన్నాడు. తన ఫోన్ నంబరు ఇచ్చి, మునికుమార్‌ది కూడా రాసుకున్నాడు.

"అయ్యాక ఒక మాట చెప్పు."

నంబరు ఇచ్చేసరికి మునికుమార్‌కు విషయం అర్థమైపోయింది. బ్లేడ్ల కంపెనీ మనిషి. లేకపోతే ఈ కాలంలో ఊరికే ఎవరు ఎవరికి ఏమిస్తారు?

గడప మాత్రం వెన్నలా తెగింది. గోడకు గీత పడలేదు, కోసిన ముక్క విరక్కుండా చేతికొచ్చింది.

మరునాడు మునిరత్నమ్మ కుర్చీలో కూర్చొని గది ముందుకొచ్చింది. గడప లేదు. ఆమె ముఖం చిన్నబోయింది.

"శుక్రవారం శుక్రవారం పసుపు పూసిన గడపరా కుమారా."

మునికుమార్ దేవుని గూడు చూపించాడు. పసుపు పూసిన ముక్క అక్కడ ఉంది. ఆమె చెయ్యి చాపి దాన్ని తాకి, కళ్ళకద్దుకుంది.

"అయితే పర్వాలేదు. లచ్చిమి ఇంట్లోనే ఉండాది."

మునికుమార్‌కు కడుపు నిండినట్టయింది. ఆ సాయంత్రమే మిషన్ తిరిగి ఇచ్చేసి ఉండాల్సింది.

"వంటింట్లో టైల్సు సందులు నల్లగా ఉండాయి బా," అంది భార్య రేవతి. "దీంతో గీకేదానికి అవుతాదా?"

అయింది.

తర్వాత కిటికీ పాత రంగు గీకాడు. ఆ తర్వాత అల్మారాకు రంధ్రం కోసి స్విచ్చు పెట్టాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఇంట్లో కోయదగ్గదేమన్నా మిగిలిందా అని వెతుక్కుంటూ తిరిగాడు.

మధ్యలో మునస్వామి ఫోన్ చేశాడు.

"పని అయ్యిందాప్పా?"

"ఇంకా రవ్వంత ఉండాదన్నా."

"కానియ్. చెయ్యి జాగ్రత్త."

రెండ్రోజులాగి మళ్ళీ చేశాడు.

"అమ్మ ఎట్లుండాదప్పా? కుర్చీ దాటుతాండాదా?"

"బ్రహ్మాండంగా దాటుతాది. మిషన్ రేపిస్తానన్నా."

"సరేప్పా, రేపే ఇయ్యి," అని పెట్టేశాడు.

"ఎవరు బా?" అంది రేవతి.

"బ్లేడ్ల కంపెనీ ఆయన. బాగుండాదా అని కనుక్కొని ఇంకోటి అంటగడతారు. ఈళ్ళ యాపారమే ఇట్లా."

రేపు అన్నది ఎల్లుండి అయింది. ఇంక కోసేదానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు. మునికుమార్ మిషన్ తుడిచి అంగడికి తీసుకెళ్ళాడు.

వెంకటముని దాన్ని ముట్టుకోలేదు.

"నీ తర్వాత మునస్వామన్న వంతు. కరకంబాడిలో ఇల్లు, నీకు దోవే కదా. నువ్వే ఇచ్చేసి పో. పాపం, కాసుకోనుండాడు."

"ఆయన కంపెనీ మనిషి కదన్నా?"

"ఏం కంపెనీ? మొన్నటిదాకా లారీ తోలినాడు. ఇప్పుడు ఇంటికాడే ఉండాడు."

ఎందుకున్నాడో మునికుమార్ అడగలేదు. బండి తీశాడు.

ఇంటి తలుపు తెరిచే ఉంది. అరుగు ముందు బండి ఆపుతూనే, "అన్నా, మిషన్ తెచ్చినా," అని కేకేశాడు.

"వస్తాండా ఉండప్పా," లోపలి గదిలో నుంచి ఆయాసంగా వినిపించింది.

హాల్లోకి అడుగు పెట్టి మునికుమార్ ఆగిపోయాడు. ఆ గది వాకిలికి ఇవతల ఒక చక్రాల కుర్చీ ఖాళీగా ఉంది.

గడప మీద పెన్సిల్ గీత, ఆ గీతకు అటూ ఇటూ ఎండి పొట్టులా రాలుతున్న పసుపు కుంకుమ. నడుముకు పట్టీ బిగించుకున్న మునస్వామి, కాళ్ళు చచ్చుబడిన భార్యను రెండు చేతులా ఎత్తుకొని, పాదంతో తడుముకుంటూ ఆ గడప దాటుతున్నాడు.