గిటారు సాక్ష్యం

"మూగమనిషి సాక్ష్యం నాకెందుకయ్యా? నువ్వు ఊపమంటే తల ఊపుతుంది, వద్దంటే మానేస్తుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ రామన్, ఫైలు మూసేస్తూ.

"మూగ కాదయ్యా. జబ్బు సేసి గొంతు పోయింది. గిటారుంటే మాటాడతాది," అన్నాడు కాంతయ్య.

మలయాలో సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోట ఆఫీసు అది. ముందురోజు కంచె గేటు దగ్గర సోదాలో, కాంతయ్య స్పీకరు పెట్టెలో నాలుగు కాటీల బియ్యం, సుమారు రెండున్నర కిలోలు, దొరికాయి. పెట్టెను సైకిలు మీద తీసుకెళ్తున్నది అతని కొడుకు గోపాలకృష్ణ. గుప్పెడు బియ్యం కూడా కంచె దాటకూడదని సర్కారు ఆర్డరు. అడవిలో తుపాకులు పట్టినవాళ్లకు తిండి చేరవేశారని ఆ ఏడాది ఆ తోట నుంచి ఇద్దరిని తీసుకెళ్లారు. ఇద్దరూ తిరిగి రాలేదు. గోపాలకృష్ణ కోసం పోలీసు లారీ మధ్యాహ్నం వస్తుంది.

"మావోడికి ఏటీ తెల్దయ్యా. పెట్టె మోసినాడు, అంతే. ఆ యేళప్పుడు ఇంట్లో ఉన్నది ఈవిడే. బియ్యం ఎవులు పెట్టినారో ఈవిడ సూసింది."

"గిటారు మాట్లాడటం ఏమిటి?"

కాంతయ్య భార్య వైపు చూశాడు. మరిడమ్మ తల దించుకుంది. ఆరేళ్లుగా ఇద్దరూ దాచుకున్న గుట్టు అది. వాళ్ల కూడూ గుడ్డా అదే.

ఇపో పట్నం ఎగ్జిబిషన్‌లో ఆ గిటారు చేత పేరు పిలిపించుకోవడానికి జనం బారులు తీరేవారు. హవాయి గిటారును ఒళ్లో పడుకోబెట్టి, తంతుల మీద ఉక్కు కడ్డీ జారుస్తుంటే, "పరమేశ్వరీ, బాగున్నావా?" అని తంతులే అడిగినట్టుండేది. పోయినవాళ్లు పిలిచినట్టుందని కొందరు ఏడ్చేవారు. తెర వెనక ఓ ఆడమనిషి ఉందని ఒక్కరికీ తెలీదు.

పట్టుబడ్డ పెట్టె బల్ల మీదే ఉంది. కాంతయ్య దాన్ని తెరిచి రెండు చిన్న స్పీకర్లు తీశాడు. సైనికులు పారేసిన హెడ్‌ఫోన్లు విప్పి చేసినవి. వాటిని మరిడమ్మ గొంతుకి చెరోపక్క కట్టాడు.

"నాను వాయిస్తే మోత ఈవిడ గొంతులోకి ఎల్తాది. నోరు కదిపితే అదే మాటై వస్తాది. నాను సెయ్యెత్తితే మాట ఆగిపోద్ది. మాట మాత్రం ఈవిడదేనయ్యా."

"అది నేను తేలుస్తాను," అన్నాడు రామన్. గిటారుతో కాంతయ్యను బయట వరండాలో కూర్చోబెట్టి, స్పీకర్ల తీగను కిటికీలోంచి లాగించాడు. అక్కడినుంచి కాంతయ్యకు మరిడమ్మ వీపు తప్ప ఏమీ కనిపించదు. రామన్ తన టిఫిన్ క్యారియర్ మూత తీసి ఆమెకు చూపించాడు. తెలుగువాళ్ల మధ్య పెరిగినవాడు, భాష బాగానే వచ్చు.

"వాయించవయ్యా! ఊఁ, చెప్పమ్మా. ఇందులో ఏముంది?"

వరండాలో కడ్డీ జారింది. మరిడమ్మ నోరు తెరిచింది. మనిషి గొంతూ కాదు, వాద్యమూ కాదు, రెండూ కలిసిన మోత గదిలోకి వచ్చింది.

"సేప తల."

బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా చేతిలో కలం జారి కింద పడింది. రామన్ మూత పెట్టేశాడు.

"సరి. మాట ఈమెదే. రాసుకో," అన్నాడు గుమాస్తాతో.

కాంతయ్య కిటికీలోంచి ఆత్రంగా తొంగి చూశాడు. "తోట లారీ డ్రైవరు లెచ్చుమనన్ లేడూ అయ్యా, మొన్న పోయినోడు? అందరి అనుమానమూ ఆడిమీదే..."

"ఆ పేరు ఎత్తకు. చనిపోకముందు రెండు వారాలు అతను ఆసుపత్రి మంచం దిగలేదు. చచ్చినవాడి మీద నేరం పెట్టి తప్పించుకుందామని ప్రతివాడూ చూస్తాడు."

కాంతయ్య కిటికీ దగ్గర్నుంచి వెనక్కి తగ్గాడు. మొగుడూ పెళ్లాం ఇంటి దగ్గర అనుకుని వచ్చింది ఆ పేరే. ఇప్పుడు ఆమెకు ఇంకో పేరు అందించే దారి లేదు.

"ఊఁ, వాయించు. అమ్మా, బియ్యం పెట్టెలో పెట్టింది ఎవరు?"

కడ్డీ కదిలింది. మరిడమ్మ పెదాలు కదల్లేదు. మాట కలవని ఒట్టి రాగం గదిలో తిరుగుతూ ఉంది. పక్కగదిలో తాళం వేసి ఉంచిన గోపాలకృష్ణ దగ్గాడు. ఆమె అటు చూసింది.

"నానే."

తంతుల మీద కడ్డీ కీచుమంది. మోత ఆగిపోయింది.

"ఏమిటీ? సరిగ్గా వినపడలేదు. మళ్లీ చెప్పించు. వాయించవయ్యా!"

కాంతయ్య చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మరిడమ్మ కిటికీ వైపు తిరిగింది. వాయించమన్నట్టు గడ్డం కదిపింది. అతను వాయించలేదు. ఆమె మళ్లీ కదిపింది. చెయ్యి మెల్లగా తంతుల మీదికి దిగింది.

"నానే పెట్టినాను. మా గుంటడికి తెల్దు. ఇంకెవులికీ తెల్దు."

గుమాస్తా రాసుకున్నాడు. మరిడమ్మ వేలిముద్ర వేసింది.  రామన్ పక్కగది తాళం తీసి కుర్రాణ్ణి వదలమన్నాడు.

"ఆ గిటారూ పెట్టే ఆమెతో పంపిస్తారా సార్?" అని గుమాస్తా మెల్లగా అడిగాడు. "తీసుకెళ్లినచోట కూడా అడుగుతారు కదా."

"పెట్టె కేసు సామాను. పంపకూడదు. ఆమె చెప్పాల్సింది చెప్పేసింది."

కానిస్టేబుల్ ఆమె గొంతు నుంచి స్పీకర్లు విప్పి బల్ల మీద పడేశాడు. అవి అక్కడ సన్నగా మూలుగుతూనే ఉన్నాయి. వరండాలో, ఆ బియ్యం మూటను తన చేత్తో పెట్టెలో పెట్టిన కాంతయ్య, ఇంకా వాయిస్తూనే ఉన్నాడు.