ఆలస్యంగా చేరిన కబురు

"పంపులన్నీ ఆపేశాం కదరా! ఇంకా ఆ సూది ఎందుకు ఊగుతోంది?" పంప్‌హౌస్ ఇంజినీరు బావమరిది మీద కస్సుమన్నాడు.

గోడకు బిగించిన మీటరులో సూది ఎర్రగీత దాకా పోయి వస్తోంది. ఆ గోడ అవతల రిజర్వాయరు నిండా నీళ్లు. గోడ వణికితే చెప్పడానికే ఆ మీటరు. అందులోని ఆంప్లిఫయరు బావమరిది చేతిపని. సూది గీత తాకగానే, అడుగున పంపులు బాగుచేస్తున్న వాళ్లందరినీ పైకి పిలిచేశారు.

బావమరిది మీటరు డబ్బా మూత విప్పాడు. "ఊగేది గోడ కాదు బావా, నా ఆంప్లిఫయరే. ఇది తన అవుట్‌పుట్‌ని తనే వెనక్కి తెచ్చుకుని, ఎక్కువైతే తగ్గించుకుంటుంది. మొన్న రొద పోవాలని ఫిల్టరు తగిలించాను. దానివల్ల ఆ కబురు ఆలస్యంగా చేరుతోంది. ఊయల ఆపుదామని చెయ్యి పెట్టి, అదను తప్పితే తోసినట్టే కదా!"

"ఊహా, రుజువా?"

బావమరిది గోడ వణుకును పట్టే సెన్సారు తీగ పీకేశాడు. సూది ఆగలేదు.

"చూశావా? ఇప్పుడు గోడ కబురు దీనికి అందదు. అయినా ఊగుతోంది. దయ్యం గోడలో లేదు, డబ్బాలో ఉంది."

"ఊపు కాస్త తగ్గినట్టుందే?"

"తీగ తీసేశాను కదా, ఆ మాత్రం మారుతుందిలే."

ఇంజినీరు ఊపిరి పీల్చుకుని మెట్ల వైపు తిరిగాడు. "ఊరంతా కుళాయిల కింద బిందెలు పెట్టుకుని కూర్చుంది. ఇక దిగండి!"

హెడ్ ఫిట్టరు కదల్లేదు. ఆమె ఇంజినీరు భార్య, డబ్బా విప్పినవాడికి అక్క. "ఒరేయ్, కింద ఉన్నప్పుడు నా అరికాళ్లు జివ్వుమన్నాయిరా."

"భయం అక్కా. ఎర్రగీత చూస్తే నాకూ అంతే."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. "నీ మాట మీద దిగుతున్నా."

"పూచీ నాది. దిగు."

ఇనుప మెట్ల మీద బూట్ల చప్పుడు ఒక్కొక్కటే లోతుకి జారిపోయింది. చివరి టోపీ కూడా చీకట్లో కలిసింది.

బావమరిది ఈల వేస్తూ సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించాడు. ఫిల్టరు ఊడదీయాలంటే ముందు కరెంటు తీయాలి. స్విచ్ ఆపాడు. ఎందుకైనా మంచిదని ప్లగ్గు కూడా పీకాడు. పచ్చలైటు ఆరిపోయింది.

సూది సున్నా దగ్గరికి పడింది. అక్కడ కూడా ఊగుతూనే ఉంది, గోడతో పాటు.