ముందు బాపు

"ముందు నా బిడ్డకు ఆపరేషన్ చెయ్యిర్రి సార్. నాకెందుకు?" అంటూ బస్వరాజ్ పటేల్ పాదాలను పంచె కిందికి లాక్కున్నాడు.

ఆదివారాలు హైదరాబాద్ నుంచి జహీరాబాద్ వచ్చి చూసే ఎముకల డాక్టర్ ఒక పాదాన్ని మళ్లీ బయటికి లాగాడు.

"అరికాలు చూడండి, విల్లులెక్క లేచింది. వేళ్లు ముడుచుకున్నయి, మడమ లోపలికి తిరిగింది. ఇది నరాల జబ్బు పటేల్ గారూ. మీ నాయిన నుంచి మీకు, మీ నుంచి మీ బిడ్డకు వచ్చింది."

"జబ్బు కాదు సార్, ఇది మా ఖాందాన్ నడక. మా తాత గూడ గిట్లనే నడిచిండు."

ఆ మాట అబద్ధం కాదు. మోకాలు ఎత్తి, పాదాన్ని టప్పున నేలకేసి కొట్టే పటేల్ నడకను కోహీర్ వైపు ఎవరైనా కళ్లు మూసుకుని గుర్తుపడతారు. పడిపోవడం కూడా ఖాందాన్ లెక్కేనని మాత్రం పటేల్ ఎవరికీ చెప్పడు. మొన్న అల్లం చేలో బోర్లా పడి, పందిని తరిమానని చెప్పుకున్నాడు.

"నరాన్ని మేం బాగుచెయ్యలేం. కానీ మడమ ఎముక కోసి చక్కగ నిలబెడతం. బలమున్న కండర తాడును బలం లేని వైపు కుడతం. పాదం నేలకు ఆనుతది. ఇట్లనే పడుకుంట లేచుకుంట తిరిగితే కీలు అరిగిపోయి మంచంల పడతరు."

"నేను మంచంల పడితే పడ్డ. బిడ్డ కాళ్లు చూడుర్రి."

"వర్షిత కాళ్లు నేను చూసిన," అన్నాడు డాక్టర్.

హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే వర్షిత తల వంచుకుని సాక్సు సర్దుకుంది. ఎండాకాలంలోనూ ఆ సాక్సులేమిటని పటేల్ ఎన్నిసార్లు విసుక్కున్నా, ఏసీ ఆఫీసు అలవాటు అంటుంది.

"చేపిచ్చుకో బిడ్డా," అన్నాడు పటేల్.

"నాకు భయమైతుంది బాపూ. నువ్వు ముందు చేపిచ్చుకో. నీకు మంచిగైతే నేను చేపిచ్చుకుంట. లేకుంటే లేదు."

అది పటేల్ పెట్టిన కానూనే మరి. వర్షిత చిన్నప్పుడు సూదికి ఏడిస్తే నర్సు ముందు తన చొక్కా చెయ్యి పైకి మడిచేవాడు. చేదు మందు ముందు తనే మింగేవాడు. కొత్త బోరు నీళ్లు ముందు తనే తాగాడు. జాతరలో జెయింట్ వీల్ ముందు తనే ఎక్కి, దిగాక గోడ పట్టుకుని కక్కాడు. ముందు బాపు, వెనుక బిడ్డ. ఇప్పుడా మాట ఆయన మెడకే చుట్టుకుంది.

ఇంటికొచ్చాక పటేల్ భార్య సుగుణమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"నిరుడు చెరుకు కొట్టేటప్పుడు దాని రూంల వంటకని పట్నం పోయి అన్ని నెలలుంటివి గద. బస్సు మెట్టు ఎక్కరాక నేను రాకపోతి. నువ్వన్న దవాఖానల చూపియ్యకపోతివా?"

"చూపిచ్చిన," అంది సుగుణమ్మ.

"మరేమన్నరు?"

"చేపియ్యాలన్నరు."

అప్పుడే వాకిట్లోంచి వర్షిత వచ్చింది. మోకాలెత్తి, టప్పున పాదం కొట్టి, అచ్చం పటేల్ లాగే. గడప దగ్గర తూలి తలుపు పట్టుకుంది. పటేల్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకన్న ఎక్కువైంది దీనికి. నా పాపమే దీనికి తాకింది."

లోపల పాలు పొంగిన చప్పుడయింది. తల్లి లేచేలోగా వర్షిత పొయ్యి దగ్గరుంది. సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాపం, ఏడుస్తోందనుకున్నాడు పటేల్.

"ఏడ్వకు. చేపిచ్చుకుంట. కారు మాట్లాడు," అన్నాడు.

ఆపరేషన్ బల్ల మీద కూడా ఆయనకు తన ధ్యాస లేదు. "సార్, నాకెట్లనన్న కొయ్యిర్రి. నా బిడ్డకు కోసేటప్పుడు మాత్రం జర పైలం," అన్నాడు. మాస్కు వెనక డాక్టర్ దగ్గాడు.

ముందు ఒక కాలు, అది మానాక రెండోది. కట్టుతో మంచం మీద పడుకుని పటేల్ బిడ్డకు పాఠం చెప్పేవాడు.

"మొదటి రాత్రి గుంజుతది బిడ్డా. తర్వాత అంతా దురదే. ఫికర్ చెయ్యకు."

"కట్టుల పుల్ల పెట్టి గోకకు బాపూ, పుండైతది. పైనుంచి మెల్లగ తట్టు, తగ్గుతది."

"నీకెట్ల తెలుసు?"

"డాక్టర్ చెప్పిండు."

కట్లన్నీ విప్పి, గోడ పట్టుకుని, కర్ర పట్టుకుని, చివరికి కర్ర కూడా వదిలేసిన రోజు పటేల్ స్నానం చేసి షాబాదు బండల మీద నడిచాడు. వెనక్కి తిరిగి చూసి ఆగిపోయాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన తడి అడుగు రెండు ముక్కలే, మడమ ఒక చోట, వేళ్లు ఒక చోట. ఇప్పుడు బండ మీద పాదం మొత్తం పడింది.

"సుగుణా, ఇటు రా! గిది నా అడుగే!" అని అరిచాడు. సంతోషం పట్టలేక ఇంకో నాలుగడుగులు వేసి చూసుకున్నాడు. తర్వాత గుర్తొచ్చి బిడ్డను పిలిచాడు.

"ముందు బాపుది అయిపోయింది. ఇగ నీ వంతు. రేపే పోదాం. మాట తప్పొద్దు."

వర్షిత తల్లి వైపు చూసింది. సుగుణమ్మ ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది.

"బాపూ, కోపం చెయ్యవు గద?"

"కోపమెందుకు? ముందు ఆ సాక్సులు ఇప్పు."

వర్షిత మెట్టు మీద కూర్చుని ఒక సాక్సు తీసింది, రెండోదీ తీసింది. పటేల్ వంగి చూశాడు.

ఆ రెండు మడమల పక్కనా కుట్లు ఎప్పుడో మానిపోయి ఉన్నాయి.