మహిపాల్ ఎడమ కాలు

దొంగ వెంట మహిపాల్ పరుగెత్తగానే వీధిలో మిగతావాళ్లంతా ఆగిపోయారు. జిల్లా రిలే జట్టులో ఆఖరి వంతు పరుగెత్తేవాడే వెంటపడ్డాక, తక్కినవాళ్లు ఆయాసపడటం దేనికి?

“మహిపాల్ ఉరికిండంటే ఇగ మనమెందుకు? చెవులు పట్టుకొని తెస్తడు” అన్నాడు టీ కొట్టు సుదర్శన్.

గద్వాలలో మగ్గాలవాళ్ల సందులవి. బండి తిరగదు. ముఖానికి రుమాలు కట్టుకున్న దొంగ నడిచే వచ్చి, దవాఖానకు బయలుదేరిన దేవమ్మ మెడలో పుస్తెలతాడు తెంపుకుని పారిపోయాడు.

కాసేపటికి మహిపాల్ వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఎడమ కాలితో కుంటుతున్నాడు.

పరుగు మొదలుపెట్టినప్పుడు ఆ తాడు ఎవరి మెడలోదో అతను చూడలేదు. ఇప్పుడు చూస్తే దేవమ్మ. పక్కింటి పెద్దమ్మ.

“దొరకలేదు పెద్దమ్మ” అన్నాడు.

“పోయినసారి గొలుసు తెంపినప్పుడు గూడ గిట్లనే తప్పించుకున్నడు. వాడెవడో గట్టోడే” అని ఓదార్చాడు సుదర్శన్. “రిలేల నీకు బ్యాటన్ అందిస్తడు సూడు, శ్రవణ్, ఆయన గిన ఉంటే ఇద్దరు చెరోదిక్కు కమ్ముకుందురు. యాడున్నడు?”

“జ్వరమంట. గ్రౌండుకు గూడ రాలే.”

దేవమ్మ ఏడవలేదు. బోసి మెడ తడుముకుంది.

“మీ పెద్దనాయనకు ఇయ్యాల వనపర్తిల ఆపరేషన్ బిడ్డా. గీ మెడతోని ఆయన ముంగటికి ఎట్ల పోవాలె?”

మహిపాల్ తల దించుకున్నాడు. పందెం గెలిచిన ప్రతిసారీ తనను భుజాల మీద ఎక్కించుకుని ఈ వీధంతా తిప్పిన మనిషి వెంకట్రాములు పెద్దనాయన. ఆయన ముఖమే కళ్ల ముందు నిలిచింది. భూమి చీలితే అందులోకి పోదామనిపించింది.

దేవమ్మ లోపలికి వెళ్లింది. మగ్గం దగ్గరి నూలుపోగు తెంపి, పసుపు రాసి, దానికో పసుపు కొమ్ము కట్టి మెడలో వేసుకుంది. ఇంకో కొమ్ము బండ మీద అరగదీసి, వేడి చేసి, గిన్నెతో బయటికొచ్చింది. వచ్చి అతని కాళ్ల దగ్గర చతికిలబడింది.

“నా తాడు కోసమని కాలు ఇరగ్గొట్టుకుంటివి. బూటు ఇప్పు, పట్టేస్త.”

“వద్దు పెద్దమ్మ. అదే పోతది.” కాలు వెనక్కి లాక్కున్నాడు.

“ఎట్ల పోతది? నడువనీకె వస్తలేదు నీకు.”

“నీకు బస్సు పోతది. నువ్వు నడువు.”

“ఇంకోటి వస్తది తియ్. తాడు పోయిందని జెప్తే మీ పెద్దనాయన పరేషాన్ అయితడు. మన మహిపాల్ నా కోసం కాలు గూడ సూసుకోకుండ ఉరికిండని జెప్తే, సగం రోగం గాడనే పోతది ఆయనకు.”

సుదర్శన్ అతని చేతిలో టీ గ్లాసు పెట్టాడు. “పైసలొద్దు” అన్నాడు.

మహిపాల్ తట్టుకోలేకపోయాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, వంగి, లేసు ముడి తనే విప్పాడు.

దేవమ్మ బూటు లాగగానే, సందు మలుపులో శ్రవణ్ బ్యాటన్‌లా అతని చేతికి అందించి పోయిన ఆమె పుస్తెలతాడు, మడమ కింది నుంచి జారి పసుపు గిన్నెలో పడింది.