సున్నం పడని మూల

మళ్లీ ఆ మూల సున్నం పడలేదు.

గుండుగొలను దగ్గర రైసుమిల్లు గోడ ముందు సైకిలు దిగి, నాగదుర్గారావు తల పట్టుకున్నాడు. గోడంతా తెల్లగా మెరిసిపోతోంది. కింద కుడిచేతి మూల మాత్రం అరచేతి మేర వదిలేశారు. అందులో పోయినేడు తను వేసిన నీటికోడి నిక్షేపంగా నిలబడి ఉంది.

ఏలూరు నుంచి గూడెం దాకా హైవే గోడల మీద ఒక సిమెంటు కంపెనీ ప్రకటనలు రాయడం అతని పని. ఒక మనిషి ముందుగా వెళ్లి, దారి పొడుగునా పాత ప్రకటనల మీద సున్నం కొట్టుకుంటూ పోతాడు. వెనకాల నాగదుర్గారావు కొత్తవి రాసుకుంటూ వస్తాడు. ఆ సున్నం మనిషి పేరు బాలస్వామి అని తెలుసు గానీ, ఏనాడూ మొహం చూడలేదు.

నాగదుర్గారావుకి అక్షరాలంటే మొహం మొత్తింది. కొల్లేట్లో చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాడు. చిన్నప్పుడు పడవలో పడుకుని చూసిన పక్షులన్నీ ఇంకా కళ్లలోనే తిరుగుతున్నాయి. వాటిని బొమ్మలుగా వేసుకుంటూ బతకాలని కోరిక. చెయ్యి ఊరుకోక, ప్రతి ప్రకటన కిందా చిన్నగా ఒక పక్షిని వేసేసేవాడు.

"ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు వచ్చి నన్ను బొమ్మ అడగనీ. ఈ అక్షరాలు ఆ రోజే మానేస్తాను" అని భార్య మౌనికతో అంటూండేవాడు.

ఆమె నవ్వి ఊరుకునేది. అడిగేవాళ్లు ఎవరూ రాలేదు.

అక్షరాల కింద ఉన్నప్పుడు ఎవరి కంటా పడని పిట్ట, తెల్లగోడ మీద ఒంటరిగా ఆమడ దూరానికి కనిపిస్తోంది. మా గోడ మీద నీ పిట్టలేమిటని కంపెనీ వాళ్లు అడిగితే ఉన్న పని కూడా ఊడుతుంది. అందుకని ప్రతిసారీ తనే సున్నం కలిపి, తన పక్షిని తనే చెరిపి, అది ఆరేదాకా ఎండలో కూర్చోవాలి. ఆ రోజు ఓపిక నశించి, కాంట్రాక్టరు అచ్యుతరావుకి ఫోన్ చేశాడు.

"మీ బాలస్వామి మూలలు ఎగ్గొడుతున్నాడండి. వంగడానికి బద్ధకం. వేరే మనిషిని చూసుకోండి."

"గూడెం దాకా కొట్టేశాడుగా. ఇక రావద్దని చెప్పేస్తాను" అన్నాడు అచ్యుతరావు.

చెప్పేశాడు కూడా.

వారం తిరక్కుండానే కంపెనీ వాళ్లు ఫ్లెక్సీలకి మారిపోయారు. గోడల పని ఆగిపోయింది. సున్నం కొట్టిన గోడలు కొట్టినట్టే మిగిలిపోయాయి. నాగదుర్గారావుకి ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఏలూరు ఫ్లెక్సీ షాపుల ముందు ఊరికే తిరిగేవాడు. తను రోజంతా రాసే అక్షరాలు మిషన్లోంచి జర్రున జారి పడుతుంటే చూడలేక వచ్చేసేవాడు. చేపల చెరువుల మీద కాపలాకైనా పోదామని మౌనికతో అన్నాడు.

ఎండలు ముదిరాక, ఒకనాడు ఇంటి ముందు కారు ఆగింది. వచ్చినాయన పేరు ఈశ్వరప్రసాద్. గూడెంలో కొత్తగా హోటలు కడుతున్నాడు.

"హైవే గోడల మీద పక్షులు వేసింది మీరేనటగా అండీ?"

నాగదుర్గారావు కంపెనీ మనిషే అనుకుని, తప్పయిపోయిందండి అన్నాడు.

ఆయన నవ్వాడు. రోజూ ఆ దారినే తిరుగుతాడట. అంత తెల్లటి గోడకి ఒక మూల ఒకే ఒక్క పక్షి. కాస్త దూరం పోయాక ఇంకో గోడ, ఇంకో పక్షి. తెల్లారగట్ల మంచులో కొల్లేరు చూస్తున్నట్టే ఉందట.

"మా గదులన్నిటికీ మీరే బొమ్మలు వెయ్యాలండి. కానీ అలాగే ఉండాలి. ఆ ఖాళీతో సహా."

నాగదుర్గారావు సరేనన్నాడు. అక్షరాల కుంచెలన్నీ కట్టగట్టి అటక మీద పడేశాడు. ఎన్నాళ్ల కోరికో తీరింది. అయినా అన్నం సయించలేదు. పక్షులు తనవే గానీ, ఆ ఖాళీ తనది కాదు. వంగడానికి బద్ధకించే మనిషి ఈకకి కూడా సున్నం తగలకుండా చుట్టూ అంత జాగ్రత్తగా ఎలా కొడతాడు? ఆ మాత్రం అప్పుడే తట్టనందుకు సిగ్గేసింది.

మర్నాడే ఊరు కనుక్కుని దెందులూరు వెళ్లాడు.

బాలస్వామి భార్య కృపమ్మ తలుపు తీసింది. ఆయన లేరండి అంది. సున్నం పని పోయాక చెరువు గట్ల మీద మట్టిపనికి వెళ్లేవాడట. పోయిన నెల వడదెబ్బ తగిలి ఇక లేవలేదట.

తను ఎవరో చెప్పడానికి నాగదుర్గారావుకి నోరు రాలేదు.

ఆమె లోపలికి పిలిచి మంచం వాల్చింది. ఒకటే గది. క్రిస్మస్‌కి వేసిన సున్నం ఇంకా మాయలేదు. ఎదురు గోడంతా తెల్లగా ఉంది. కింద కుడిచేతి మూల మాత్రం అరచేతి మేర మట్టి అలాగే కనిపిస్తోంది. అక్కడ ఏ పక్షీ లేదు.

"ఆ మూల ఎందుకు వదిలేశారండీ?" అని ఎలాగో అడిగాడు.

"ఏటా నేనూ అదే దెబ్బలాడేదాన్నండి" అంది కృపమ్మ. "హైవే మీద ఆ పక్షులు వేసే పెయింటరుగారు ఎప్పుడైనా ఎదురుపడితే, మనింట్లో కూడా ఒకటి వేసిపెట్టమని అడుగుతాననేవారండి."