హన్నమ్మ బ్యాంకు పాఠం

“విత్‌డ్రాయల్ అంటే?”

“డబ్బు వెయ్యడమండి.”

జీవరత్నం మాస్టారు అరచేత్తో అరుగు మీద ఒక్కటి కొట్టారు. “వెయ్యడం డిపాజిట్! తియ్యడం విత్‌డ్రాయల్! నిన్న చెప్పాను, మొన్న చెప్పాను. నీ బుర్రలో ఏముందే, గుర్రపుడెక్కా?”

“అదేనండి. కాలవ నిండా పెరిగిందే నా బుర్రలోనూ పెరిగింది,” అంది ఆయన భార్య హన్నమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

మాస్టారు నవ్వలేదు. నోటుబుక్కులో ఆ మాట పక్కన ఎర్రపెన్నుతో తప్పు పెట్టారు.

గణపవరం పక్క పల్లెటూరి బడిలో ముప్పైనాలుగేళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషాయన. రెండు నెలల కిందట ఏలూరులో డాక్టరు స్కానింగు చూసి దాచకుండా చెప్పేశాడు. మతిమరుపు జబ్బు. మందులతో నెమ్మదిస్తుంది గానీ పోదు. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. ఆ తరవాత మనుషుల్నే పోల్చుకోలేరు. ఇంటికొచ్చి మాస్టారు ఏడవలేదు. కొత్త నోటుబుక్కు కొని, గుర్తున్న బ్యాంకు మాటలన్నీ అందులో రాయడం మొదలెట్టారు.

“పెళ్లయిన దగ్గర్నించీ నిన్ను వంటింట్లోనే ఉంచేశాను హన్నా. బ్యాంకు గుమ్మం ఎటుందో నీకు తెలీదు. నా మతి పూర్తిగా పోకముందే నీకీ నాలుగు ముక్కలూ రావాలి. లేకపోతే ఆ కౌంటరు దగ్గర నిన్ను నిలబెట్టి ఏడిపిస్తారు.”

ఆయన భయం ఉత్తది కాదు. చేపల చెరువుల మీద నడుం విరిగేలా పనిచేసిన ఆడవాళ్లు బ్యాంకులో ఫారం పట్టుకుని, జేబులో పెన్నున్న ప్రతివాణ్ణీ బాబూ బాబూ అని బతిమాలతారు. డబ్బు వాళ్లది. ఆ డబ్బు తీసుకునే మాట మాత్రం వాళ్లది కాదు. తెలుగులో అడిగితే విసుక్కుంటారు. ఇంకోసారి అడిగితే రేపు రమ్మంటారు. ఇదేం న్యాయమని ఒక్కడూ అడగడు.

కూతురు బిందు గుమ్మంలోంచి వింటోంది. ఇంక ఉండబట్టలేకపోయింది. “రోజూ ఈ తిట్లేంటి నాన్నా? అసలు అమ్మ...”

“బిందూ, నువ్వెళ్లి కాఫీ పెట్టు,” అంది హన్నమ్మ. “నేర్చుకునేవాళ్లన్నాక తిట్లు తినాలి.”

బిందు కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయింది.

“మన ఖాతా ఏ రకం?” అడిగారు మాస్టారు.

“జాయింటండి.”

“జాయింటులో ఏది? ఎయిదర్ ఆర్...” ఆగిపోయారు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. “ఎయిదర్ ఆర్... ఎయిదర్...”

“సేవింగ్సాండి?” అంది హన్నమ్మ గబుక్కున.

“సేవింగ్సేమిటే మొద్దూ! సర్వైవర్! ఎయిదర్ ఆర్ సర్వైవర్! ఇద్దర్లో ఎవరైనా తియ్యొచ్చు. ఒకరు పోతే మిగిలినవాళ్లు తియ్యొచ్చు.” మాట దొరికినందుకు ఆయన మొహం వెలిగింది. అంతలోనే ఆరిపోయింది. “మిగిలేది నువ్వే.”

హన్నమ్మ ఇంకో చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగింది.

సోమవారం ఇద్దరూ తాడేపల్లిగూడెం బస్సెక్కారు. చేపల లారీలు నీళ్లు కార్చుకుంటూ ఎదురొస్తున్నాయి. చర్చిలో ఆదివారం బడి పిల్లలు బైబిలు వాక్యం కంఠతా చెప్పినట్టు హన్నమ్మ దారి పొడుగునా మాటలన్నీ అప్పజెప్పింది. రెండు తప్పులు పోయాయి. మాస్టారు రెండు సార్లూ తిట్టారు.

బ్యాంకులో అటెండరు రూబెన్ వీళ్లని చూడగానే లేచి నిలబడ్డాడు. సాయం వద్దన్నట్టు హన్నమ్మ తల అడ్డంగా ఊపింది. అతను మాస్టారికి కుర్చీ వేశాడు.

“ఇవాళ నేను లేననుకో. వెళ్లు,” అన్నారు మాస్టారు.

కౌంటరులో ఉషశ్రీ కొత్తగా చేరిన పిల్ల. కంప్యూటరు మీంచి తల తిప్పలేదు.

“విత్... విత్‌డ్రాయల్ ఫారం ఇప్పించండి. అయిదువేలు తియ్యాలి.”

“ఆ బల్ల మీదుంటాయి. నింపడం రాకపోతే వచ్చినవాళ్లని తెచ్చుకోవాలి కదమ్మా! వెనకాల లైను చూడండి.”

మాస్టారు కుర్చీలోంచి లేచిపోయారు. “ఏమ్మాయ్! మా ఆవిడకి అన్నీ వచ్చు! నేను నేర్పాను!”

హాలంతా ఇటు తిరిగింది. హన్నమ్మ బల్ల దగ్గర నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. మాస్టారు పక్కకొచ్చి ప్రతి గడినీ వేలితో తడిమారు. “ఫైవ్ థౌజండ్ ఓన్లీ. చివర ఓన్లీ కూడా రాశావే!” జేబులోంచి ఎర్రపెన్ను తీసి, ఫారం మీద ఈ చివర్నించి ఆ చివరికి రైటు కొట్టారు.

“ఇదేంటండీ ఎర్రగీతలు? ఇది చెల్లదు. ఇంకోటి రాసుకు రండి,” అని ఉషశ్రీ ఆ ఫారాన్ని వెనక్కి తోసేసింది.

హన్నమ్మ ఆ ఫారాన్ని మడతపెట్టి సంచీలో భద్రంగా దాచుకుంది. ఇంకోటి తీసుకుని అర నిమిషంలో నింపేసింది.

“చూశావా, ఒకసారి పట్టు దొరికితే చెయ్యి అదే పరిగెడుతుంది,” అన్నారు మాస్టారు.

డబ్బు చేతికొచ్చాక ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నారు. కళ్లు నిండిపోయాయి. “పాసయ్యావు హన్నా. ఇంక నేనేమైపోయినా బెంగ లేదు.”

“అంతా మీరు నేర్పిందేనండి,” అంది హన్నమ్మ. ఆయన్ని నెమ్మదిగా మెట్లు దింపింది.

ఉషశ్రీ విసుగ్గా రూబెన్ని పిలిచింది. “ఎవరండీ ఆవిడ? అయిదువేలు తియ్యడానికి అరగంట తినేసింది.”

రూబెన్ ఇంకా గుమ్మంవైపే చూస్తున్నాడు.

“ఈ బ్రాంచిలోనే మేనేజరుగా రిటైరయ్యారండి.”